శుక్రవారం అమ్మవారు, మంగళవారం చిన్నమ్మ

ఒక ప్రశ్న నన్ను ఇన్నేండ్లయినా వదల్లేదు. ఆ శుక్రవారం ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ నోట మాట్లాడింది ఎవరు? అమ్మవారా, జబ్బా, చిన్నమ్మేనా? ఇంట్లో అడిగితే మొగోళ్లు తువ్వాలు దులుపుకొని లేచిపోతారు, ఆడోళ్లు "నీ నోరు పడ" అంటారు. అందుకే రాస్తున్నాను. కాగితం లేచిపోదు కదా.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ఆళ్లగడ్డలో బాగా భూములున్న ఇంటికి ఇచ్చినారు. కర్నూలు రాజధాని అయిన ఏడాది కాన్పుకు నంద్యాలకు, మా ఇంటికి వచ్చింది. వాళ్ల అమ్మానాయనలు అప్పటికే లేరు, పుట్టిల్లన్నా మేమే. ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసిన కొన్నాళ్లకు ఆమెకు కన్ను మూతపడటం మానేసింది. గోడకు ఆనుకొని, మిద్దె పైకప్పులో వెలుతురు కోసం పెట్టిన గవాక్షి వైపు చూస్తూ ఎవరికో జవాబు చెప్పేది. పిల్ల ఏడిస్తే "అది నా పిల్ల కాదు, మార్చినారు" అనేది.

నాకు అప్పుడు ఏడో ఎనిమిదో. ఆ జవాబులు వింటున్నది ఎవరా అని మిద్దె ఎక్కి గవాక్షిలోంచి కిందికి తొంగి చూసినాను. చిన్నమ్మ తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు కాదులే, పో" అన్నది.

అంటే ఇంకెవరో ఉన్నారన్నమాట! అప్పుడు మొదలైంది నా ఆరా.

పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. చర్చి బళ్లో చదువు చెప్పే మనిషి. గోడ మీదుగా మా అమ్మతో అన్నది: "అక్కా, ఇది బాలింతలకు వచ్చే జబ్బు. డాక్టరుకు చూపించు. ముదరనీయొద్దు."

"జబ్బూ లేదు గిబ్బూ లేదు. గాలి సోకింది. తాయెత్తు కట్టిచ్చినాం" అన్నది మా అమ్మ. గోడ కాడ నుంచి వచ్చి నా చెవి పట్టుకున్నది. "బయట యాడన్నా చెప్పినావంటే వాత పెడతా. చిన్నమ్మకు పిచ్చంట అని తెలిస్తే రేపు నిన్ను ఎవరు చేసుకుంటారు?"

"పిచ్చి చిన్నమ్మకు కదా, నన్నెందుకు చేసుకోరు?"

"రక్తం ఒకటే గదే!"

"గాలి సోకిందంటివి. గాలి రక్తంలో ఉంటాదా?"

వాత పెట్టలేదు గానీ గరిటె కాడ తగిలింది. మా నాయన కోర్టులో గుమాస్తా. సాక్షులను నిలదీసే వకీళ్ల నడుమ పొద్దంతా కూర్చునే మనిషి, ఇంటికొచ్చి ఈ సంగతిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. భోంచేసి చేయి కడుక్కునేవాడు.

ఐదో నెలలో ఒడిబియ్యం పోసి చిన్నమ్మను అత్తగారింటికి పంపినారు. బస్సెక్కేముందు అమ్మ ఆమెకు జడ బిగించి వేస్తూ చెప్పిన మాటలు నేను విన్నాను: "ఒక్కదానివే నవ్వొద్దు. గోడ తట్టు చూసి మాట్లాడొద్దు. ఎవరన్నా పిలిచినట్టు ఇనపడితే పలకొద్దు." చెప్పటానికి బాగానే ఉంది. దగ్గు వచ్చేవాణ్ణి దగ్గొద్దని చెప్పి ఆసుపత్రి మాన్పించినట్టు.

ఇక ఆళ్లగడ్డ. చిన్నమ్మ అత్తను నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆ ఇంట్లో ఆమె దగ్గితే పెయ్యలు కూడా లేచి నిలబడేవి. ఒక శుక్రవారం చిన్నమ్మ సంగటి మాడ్చిందని అవ్వ ఆమె రెక్క పట్టి లాగిందంట. చిన్నమ్మ కండ్లు పెద్దవి చేసి, "ఏమే ముసల్దానా, ఎవర్ని పట్టుకోనుండావో తెలుసునా?" అన్నదంట.

ఇక్కడ నన్ను కొంచెం వాదించనీయండి. మా సీమలో కోడలు అత్తను "ఏమే" అనటానికి రెండే రెండు దారులు. ఒకటి పిచ్చి. రెండోది పూనకం. పిచ్చి అంటే ఆ ఇంట్లో పెండ్లికి ఎదిగిన ఆడబిడ్డ ఉంది, దాని సంబంధం చెడుతుంది. మా ఇంటికీ మచ్చే. అమ్మవారు అంటే వాళ్ల ఇంటికి గొప్ప, మా ఇంటి ఆడకూతురికీ గొప్ప. అవ్వ ఏమాత్రం ఆలస్యం చేయకుండా కోడలి కాళ్ల మీద పడి పసుపునీళ్లు తెమ్మన్నది. మా అమ్మకు కబురు తెలిసి ఏడ్చింది, సంతోషంతో. రెండు ఇండ్లూ కలిసి ఒక జబ్బుకు కుంకుమ పెట్టినాయి.

ఎండాకాలం సెలవులకు నేను ఆళ్లగడ్డ పోయేదాన్ని. ప్రతి శుక్రవారం చిన్నమ్మకు తలంటి, వేపాకు చేతికిచ్చి, పీట మీద కూర్చోబెట్టేవాళ్లు. కోయిలకుంట్ల నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు, నిమ్మకాయలు ఒళ్లో కట్టుకొని. తప్పిపోయిన ఎద్దు, నీళ్లు పడని బావి, తాగుబోతు అల్లుడు, ఇవీ ప్రశ్నలు. "వస్తాది పో" అనేది చిన్నమ్మ. ఎద్దు వచ్చేది. ఎద్దు ఆకలైతే ఇంటికి రాక యాడికి పోతాది?

నేను వరండా స్తంభం పక్కన కూర్చొని చూసేదాన్ని. నాకు అంతుబట్టనివి కొన్ని ఉండేవి. ఒకసారి అవ్వ జొన్నలు చెరుగుతుంటే అడిగినాను.

"అవ్వా, అమ్మవారు శుక్రవారమే గదా వచ్చేది?"

"ఊ."

"మరి మంగళవారం గోడతో మాట్లాడేది ఎవరు?"

చేట ఆగింది. "నీకెందుకే?"

"కాదు, బుధవారం ఏడ్చేది ఎవరు? వాళ్లూ అమ్మవార్లేనా? ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"నంద్యాల నీళ్లు తాగినావు, నోరు కాలవ పారినట్టు పారతాంది. పో, పేడ ఎత్తు పో."

పేడ ఎత్తినాను. జవాబు మాత్రం రాలేదు. అవ్వ దగ్గర ఉన్న జవాబు నాకు తర్వాత కంటితోనే కనపడింది. మిగతా రోజుల్లో చిన్నమ్మ అరిస్తే అది అమ్మవారు కాదు, "వేరే గాలి". దానికి వేపమండలతో కొట్టేవాళ్లు. ధాన్యం గదిలో పెట్టి గొళ్లెం వేసేవాళ్లు. శుక్రవారం కాళ్లకు మొక్కిన చేతులే అవి. శుక్రవారం అమ్మవారి పేరుతో చిన్నమ్మకు ఉపవాసం, గురువారం రాత్రి నుంచే మడి, తర్వాత తర్వాత మంగళవారం కూడా ఉపవాసం అన్నారు. చిన్నమ్మ గాజులు మోచేతి దాకా పోయేవి.

చిన్నాయన మంచివాడు. అంటే ఏమీ అనని వాడు. మా ఊళ్లలో ఆ రెంటికీ తేడా చూడరు.

ఆడబిడ్డ పెండ్లి అయిపోయింది. ఇంక దాచాల్సిన పని లేదు కదా అని నేను మా అమ్మనడిగితే, "చిన్నమ్మ కూతురు ఎదగతాంది గదే" అన్నది. పరువుకు ఎప్పుడూ ముందర ఇంకో పెండ్లి ఉంటుంది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది గానీ, చిన్నమ్మ మాత్రం ఆళ్లగడ్డ నుంచి ఏ ఆసుపత్రికీ పోలేదు.

ఆ ఏడాది సెలవులకు ముందు నంద్యాలలో టీచరమ్మ నన్ను వాళ్లింట్లో కూర్చోబెట్టుకొని తలుపు దగ్గరికేసింది. "నీకు చెప్తే నువ్వు అడిగి అడిగి చంపుతావు, అయినా చెప్తా" అని మొదలుపెట్టింది. ఆమె తమ్మునికీ ఇట్లాగే ఉండేదంట. మద్రాసులో పిచ్చాసుపత్రిలో పెట్టినారంట. తలకు కరెంటు పెట్టినారు, కొత్తగా మాత్రలు వచ్చినాయి, అవి ఇచ్చినారు. ఇప్పుడు మిడుతూరు దగ్గర బడిలో పంతులు.

"ఆయన మద్రాసులో బైబిలు చదువుతాండాడని చెప్పినావే అందరికీ?"

"చెప్పినా. మీ ఇంట్లో అమ్మవారు, మా ఇంట్లో బైబిలు బడి" అన్నది ఆమె. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"కరెంటు పెడితే నొప్పి కాదా?"

"వాణ్ణే అడిగినా. గుర్తు లేదన్నాడు. తర్వాత నిద్ర పట్టింది, అది మాత్రం గుర్తుంది అన్నాడు."

ఆ ఏడాది ఆళ్లగడ్డ పోయేసరికి కొత్త సంగతి ఒకటి జరుగుతోంది. ఊరోళ్లు అమ్మవారికి గుడి కడతామన్నారు. ఇంటి ముందర ఖాళీ జాగా అవ్వ ఇస్తానన్నది. ఆళ్లగడ్డలో రాతి పనివాళ్లకు ఏం కొదవ? వీధి వీధంతా ఉలి మోతే. ఒకాయనకు విగ్రహం చెప్పినారు, రాయి కూడా దిగింది. గుడి లేస్తే చిన్నమ్మ బతికినన్నాళ్లూ ఆ పీట మీద నుంచి లేవదని నాకు తెలిసిపోయింది. గుడి ఉన్న అమ్మవారిని మద్రాసు రైలెక్కిస్తారా ఎవరన్నా?

శిల్పి ఇంటికొచ్చి అవ్వ ముందర కూర్చున్నాడు. "అమ్మ పేరేంది పెద్దమ్మా?"

"అమ్మే."

"అమ్మే అంటే ఎట్ల? చౌడమ్మకు ఒక తీరు, పెద్దమ్మ తల్లికి ఒక తీరు. చేతులెన్ని? కత్తి పెట్టాల్నా, శూలం పెట్టాల్నా? పేరు లేకుంటే నేను చేతుల్లో ఏం పెట్టాలమ్మా?"

ఇన్నేండ్లుగా మొక్కుతున్నారు గానీ ఆమె ఎవరో ఒక్కరూ అడగలేదు! నాకు ఆ శిల్పి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అవ్వ ఆలోచించి, "శుక్రవారం రా నాయనా, ఆమెనే అడుగుదాం" అన్నది.

ఆ మంగళవారం దొడ్లో చిన్నమ్మ, నేను బుడ్డలు, అదే వేరుసెనక్కాయలు, వొలుస్తున్నాం. ఆ పొద్దు ఆమె కొంచెం నిమ్మళంగా ఉంది. అవ్వ పొలం పోయింది. అడిగేసినాను.

"చిన్నమ్మా, అమ్మవారు వచ్చినప్పుడు నీకు ఎట్లుంటాది?"

ఆమె బుడ్డ చిదిమి గింజ నోట్లో వేసుకున్నది. మంగళవారం ఉపవాసం కదా, నేను చూడనట్టు ఊరుకున్నాను.

"ఎవరూ అడగలేదే ఈ మాట" అన్నది. "నీకు తెలీదులే, గుర్తుండదులే అంటారు. గుర్తుంటాది. ఎవరెవరో పిలుస్తాంటారు. చూస్తే ఆడ ఉండరు. అన్ని దినాలూ పిలుస్తారు. శుక్రవారం మేలు."

"ఎందుకు మేలు?"

"శుక్రవారం ఏం మాట్లాడినా కొట్టరు."

టీచరమ్మ తమ్ముని సంగతి మొత్తం చెప్పినాను. కరెంటు సంగతి దాచలేదు. పిచ్చాసుపత్రి అన్న మాట కూడా దాచలేదు. ఆమె అవేవీ పట్టించుకోలేదు.

"నిద్ర వస్తాదంటనా?" అన్నది.

"వస్తాదంట."

"మాపు పండుకుంటే పొద్దున దాకానా?"

"అంట."

చేట నిండా బుడ్డలు వొలిచి పెట్టింది.

శుక్రవారం వరండా నిండిపోయింది. గుడి సంగతి కదా, పెద్ద మనుషులంతా వచ్చినారు. శిల్పి చేతులు కట్టుకొని ముందు వరసలో నిలబడ్డాడు. కర్పూరం వెలిగించినారు. చిన్నమ్మ ఊగింది, జుట్టు విరబోసింది. ఎప్పటిలాగే ఉంది. అవ్వ ముందుకొచ్చి దండం పెట్టింది.

"తల్లీ, నీ పేరేంది? నీ చేతుల్లో ఏం పెట్టమంటావు? కత్తా, శూలమా?"

చిన్నమ్మ ఊగటం తగ్గింది. "ఏమే ముసల్దానా" అన్నది.

"తల్లీ!"

"నా చేతుల్లో ఏం పెట్టొద్దు. దీనికి నిద్ర లేదు. ఇది నిద్రపోయి ఎన్నేండ్లయిందో నీకు తెలుసునా? దీన్ని మద్రాసు తీసుకపో."

"మద్రాసులో ఏ గుడికి తల్లీ?"

"గుడి కాదు. ఆసుపత్రి. పిచ్చాసుపత్రి."

ఆ మాట ఆ ఇంట్లో అంత గట్టిగా పలకటం అదే మొదలు. వెనకాల ఎవరో పెద్దాయన దగ్గు మింగినాడు. అవ్వ రంగు పోయింది. అయినా అవ్వ అవ్వే, అమ్మవారితో కూడా బేరానికి దిగింది.

"తల్లీ, నలుగురిలో పరువు... ఇంకేదన్నా అడుగు. పొట్టేలు ఇస్తా. గుడి పెద్దగా కడతా."

"నీ పొట్టేలు నాకెందుకే? నా మాట కాదంటావా?"

కాదంటే ఈమె అమ్మవారు కాదని ఒప్పుకున్నట్టు. అవునంటే కోడలికి పిచ్చి అని ఒప్పుకున్నట్టు. అవ్వ నలుగురి వైపూ చూసింది. కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒకాయన నిమ్మకాయ పట్టుకొని, "అమ్మ నోటితో చెప్పినాక ఇంకా ఆలోచనేందప్పా? తీసుకపోండి" అన్నాడు. "అదే కదా, తీసుకపోండి" అన్నారు తక్కినవాళ్లు. ఎవరో ఒకామె "గోవిందా" అని కూడా అన్నది.

చిన్నాయన దూలం కింద నిలబడి ఉన్నాడు. ఆ మనిషి నోట నేను పెద్ద మాటలు ఎప్పుడూ వినలేదు. "కడప బస్సు తెల్లారకముందే, మబ్బులోనే ఉంది. రైలు ఆడ ఎక్కొచ్చు" అన్నాడు. ఎప్పట్నుంచి కనుక్కొని పెట్టుకున్నాడో మరి. ఎవరన్నా ఆ మాట అనాలని కాచుకొని ఉన్నాడని నాకనిపించింది. తానే ఎందుకు అనలేదని అడగాలని కూడా అనిపించింది. ఆ పొద్దు మాత్రం అడగలేదు, బస్సు తప్పిపోతుందేమోనని.

వాళ్లు పోయినాక ఊరు ఊరుకుంటుందా? పిచ్చాసుపత్రి అన్న మాట చెవిన పడనట్టే నటించింది గానీ, వారం తిరిగేసరికి ఆరాలు మొదలైనాయి. అవ్వ కొత్త కథ కట్టింది: కోడలికి కడుపులో గడ్డ, ఆపరేషను. అమ్మవారే చెప్పి పంపింది. "ఎంత గడ్డ పెద్దమ్మా?" అని అడిగితే మొదట్లో నిమ్మకాయంత అనేది. నేను సెలవులు ముగిసి నంద్యాలకు వచ్చేనాటికి అది టెంకాయంత అయింది. ఆ రాయిని శిల్పి ఇంకో ఊరికి ఆంజనేయస్వామి కోసం ఇచ్చేసినాడని తర్వాత తెలిసింది.

చిన్నమ్మ కొన్ని నెలలు అక్కడే ఉన్నది. వచ్చినాక ముఖం ఉబ్బినట్టుండేది, మాట నిదానమయింది, చేతులు కొంచెం వణికేవి. కానీ నిద్రపోయేది. వచ్చిన మొదటి శుక్రవారం నిమ్మకాయలతో జనం మళ్లీ వచ్చినారంట. అవ్వ ఆశ చావక పీట వేసింది. కర్పూరం అయిపోయింది, ఇంకో బిళ్ల వెలిగించినారు, అదీ అయిపోయింది. చిన్నమ్మ అందరినీ చూసి, "ఆకలైతాంది అత్తా, సంగటి ఉందా?" అన్నదంట. అవ్వ ఆ మధ్యాహ్నం ముసుగు పెట్టుకొని పండుకున్నది. ఆ తర్వాత ఆ వరండాకు నిమ్మకాయ రాలేదు.

తర్వాతి సెలవుల్లో నేను పోయి అడిగిన మొదటి ప్రశ్న ఏదో మీకు తెలుసు. చిన్నమ్మ కూతురికి పేలు చూస్తోంది. ఆ పిల్లను "నా పిల్ల" అనే పిలుస్తోంది.

"ఆ పొద్దు మాట్లాడింది ఎవరు చిన్నమ్మా?"

ఆమె ఒక పేను తీసి గోటి మీద కుక్కింది. "నేనే అనుకొని మొదలుపెట్టినా" అన్నది. "నడుమలో నా గొంతు నాకే కొత్తగా ఇనపడె. ఆడ్నుంచి తెలీదు."

"ఆడ్నుంచి అంటే యాడ్నుంచి? పొట్టేలు వద్దన్నప్పట్నుంచా?"

"ఏమోనే. నువ్వు వకీలువా?"

బి.ఏ.లో మనస్తత్వశాస్త్రం చదివినాను, పెద్ద పెద్ద పేర్లు నేర్చుకున్నాను. ఆ జవాబును మించింది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నయమైపోయి సుఖంగా ఉన్నారని ముగిస్తే బాగుంటుంది. అట్ల కాలేదు. మాత్రలు రోజూ వేసుకోవాలన్నారు. శుక్రవారం వేసుకోకూడదని మా అమ్మ, నయమైనాక మందెందుకని చుట్టాలు, మొత్తానికి మాన్పించినారు. ఆ ఎండాకాలమే, నేను ఇంకా ఆళ్లగడ్డలో ఉండగానే, చిన్నమ్మకు మళ్లీ నిద్ర తప్పింది, మళ్లీ గోడకు జవాబులు. మా అమ్మ నంద్యాల నుంచి కబురు పంపింది, తాయెత్తు కట్టించి చూడమని. చిన్నాయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు.

ఈసారి అవ్వ శుక్రవారం దాకా ఆగలేదు. కబురు తెచ్చిన మనిషితోనే మా నాయనకు తిరుగు కబురు పంపింది, సెలవు పెట్టి తోడు రమ్మని. ఆయన వచ్చీరాగానే మూట కట్టింది. చిన్నమ్మ చేయి పట్టుకొని బస్సు నిలిచే చోటికి నడిపించింది. నేను సద్ది మూట మోసుకొని వెనకాల.

"యాడికి పెద్దమ్మా?" అని అడిగింది ఒకామె.

"మద్రాసుకు. గడ్డ."

"మళ్లీనా? తీసేసినారంటివే?"

"మళ్లీనే. నీ కడుపులో లెయ్యలేదు గదా, నీకేం నొప్పి?"

బస్సులో చిన్నమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చున్నది. చిన్నమ్మ బయట ఎవరినో చూసి నవ్వుకుంటోంది. అవ్వ ఆమె కొంగు సర్ది, కిటికీలోంచి నన్ను పిలిచింది.

"ఏమే, సదువుకున్నదానివి గదా. ఆ డాక్టరుకు అరవంలో నిద్ర పట్టలేదని ఎట్ల చెప్పాల?"

"నాయన తోడు వస్తాండాడు గదవ్వా, మాట్లాడతాడులే."

"మీ నాయన యాడ మాట్లాడతాడే? నువ్వు చెప్పు."

"నాకు అరవం రాదవ్వా."

"మరేం సదివినావే ఇన్నేండ్లూ?" అన్నది. చేయి చెంప కింద పెట్టుకొని కండ్లు మూసి, తెరిచి, తల అడ్డంగా ఊపింది. "ఇట్ల చేస్తే తెలుస్తాదా?"

"తెలుస్తాదవ్వా" అన్నాను.

నమ్మకం చాల్లేదేమో, మళ్లీ ఒకసారి చేసి చూసుకున్నది. కండక్టరు విజిలు వేసినాడు.